విడిది ఇల్లు ఎవరు ఊడవాలి?

బాసరలో బిడ్డకు అక్షరాభ్యాసం చేయించడానికి నిజామాబాద్ నుంచో బోధన్ నుంచో బయలుదేరే కుటుంబం సామాన్లను ఒకసారి గమనించండి. ఒక సంచిలో పలక, బలపం, పూజ సామాను ఉంటాయి. రెండో సంచిలో బియ్యం, పప్పు, నూనె, చిన్న గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు ఉంటాయి. ఆ సంచి అడుగున ఒక పాత గుడ్డ, సబ్బు ముక్క, బాసన్లు తోమే పీచు కూడా ఉంటాయి. మొదటి సంచి ఎవరైనా పట్టుకుంటారు. రెండో సంచిని సర్దేదీ, విప్పేదీ, తిరిగి కట్టేదీ ఆ ఇంటి ఇల్లాలే. వర్ని దగ్గరి బడాపహాడ్ దర్గాకు కందూరు చేయడానికి పోయే కుటుంబంలోనూ ఇంతే. పెళ్ళికని పట్నంలో రెండు రోజులకు ఇల్లు కిరాయికి తీసుకున్నవాళ్ళలోనూ ఇంతే. మగవాళ్ళకు, పిల్లలకు అది యాత్ర, సెలవు, విహారం. ఆమెకు మాత్రం తనది కాని వంటింట్లో, తెలియని కుళాయి కింద, అదే పని.

ఇప్పుడు ఈ విడిది పద్ధతి కొత్త రూపాల్లో విస్తరిస్తున్నది. వంటగది సహా రోజుల లెక్కన అద్దెకిచ్చే ఫ్లాట్లు, ఊరి బయటి ఫామ్‌హౌసులు, ఫోన్‌లోనే మాట్లాడుకుని డబ్బు కట్టే హోమ్‌స్టేలు వచ్చాయి. ‘మీ ఇల్లే అనుకోండి, మీ వంట మీరే చేసుకోండి’ అని యజమాని ఆహ్వానిస్తాడు. గోడ మీద మాత్రం ఇంకో కాగితం అంటించి ఉంటుంది. గిన్నెలు తోమి పెట్టాలి, చెత్త బయట వేయాలి, పొయ్యి తుడవాలి, ఇల్లు ఎట్లా తీసుకున్నారో అట్లాగే అప్పగించాలి, లేకపోతే అడ్వాన్సులోంచి కోత. కొన్నిచోట్ల ఇవన్నీ చేయించుకుని, పైగా ‘క్లీనింగ్ చార్జి’ అని విడిగా వసూలు చేస్తారు. ఆ కాగితం ఎవరినీ పేరు పెట్టి పిలవదు. ‘అతిథులు’ అంటుంది. కానీ ఆ అతిథుల్లో లేచి చీపురు అందుకునేది ఎవరో మనందరికీ తెలుసు.

బీడీ కార్మికుల సమస్యలు, చెరుకు రైతుల కష్టాలు, గల్ఫ్ వలసలు ఇన్ని ఉండగా, అద్దె గదుల శుభ్రత గురించి సంపాదకీయం ఏమిటని కొందరు మిత్రులు అనవచ్చు. ఇది తీరిక ఉన్నవాళ్ళ సమస్య అని కూడా అనవచ్చు. కానీ ఆ గదిని ఇద్దరు స్త్రీలు శుభ్రం చేస్తున్నారు. వెళ్ళేముందు ఒకరు, వెళ్ళిన తర్వాత ఒకరు. మొదటి ఆమె శ్రమ ప్రేమ ఖాతాలో పడుతుంది. రెండో ఆమె శ్రమ చాలాచోట్ల మొగుని జీతం ఖాతాలో పడుతుంది. బిల్లులో ఇద్దరికీ చోటు లేదు. వేతనం లేని ఇంటి చాకిరీ, వేతనం లెక్కలేని బయటి చాకిరీ ఒకే గదిలో, ఒకే నేల మీద కలుస్తున్న చోటు ఇది. స్త్రీల శ్రమ ఎట్లా కనబడకుండా పోతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

మన దగ్గర బాటసారుల బసకు పాతకాలం నుంచి రెండు పద్ధతులున్నాయి. ఒకటి సత్రం. గది ఇస్తారు, బావి చూపిస్తారు, వండుకోవడం, కడుక్కోవడం యాత్రికుల వంతు. రెండోది ముసాఫరు బంగళా. నిజాంసాగర్ వంటి ప్రాజెక్టుల దగ్గర, తాలూకా కేంద్రాల్లో దొరలు, ఇంజనీర్లు, అధికారులు దిగే బంగళాలు అవి. అక్కడ వండడానికి ఖాన్సామా, కాపలాకు చౌకీదారు, ఊడవడానికి వేరే మనిషి ఉండేవారు. అధికారంతో వచ్చిన మగవాడు దిగిన చోట శుభ్రం చేయడం జీతమిచ్చి చేయించుకునే ఉద్యోగమయ్యింది. కుటుంబం దిగిన చోట అదే పని స్త్రీ ధర్మమయ్యింది. పని ఒక్కటే. వచ్చిన అతిథి ఎవరన్నదాన్ని బట్టి అది కొలువో, ధర్మమో తేలుతున్నది.

మూడో పద్ధతి పెళ్ళి విడిది. మగపెళ్ళివారికి ఇచ్చే ఇంటిని ముందు రోజే ఊడ్చి, కడిగి, ముగ్గు పెట్టేది ఆడపెళ్ళివారి స్త్రీలు. వాళ్ళు వెళ్ళాక ఎంగిలాకులు ఎత్తేదీ, మిగిలింది తుడిచేదీ వాళ్ళో, వాళ్ళు పిలిపించిన కింది కులాల స్త్రీలో. విడిది బాగాలేదని అలిగే హక్కు ఒక పక్షానికి, దాన్ని బాగు చేసే బాధ్యత ఇంకో పక్షానికి. శుభ్రత అనేది మర్యాదకూ అధికారానికీ కొలతగా మారడం మనం మొదట చూసింది విడిది ఇంట్లోనే.

ఇక్కడ కులం సంగతి మాట్లాడకుండా ముందుకు పోలేము. మురికి అంటే ఉండవలసిన చోట లేని వస్తువే అని 1966లో వెలువడిన తన పుస్తకంలో మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ వివరించింది. మన సత్రాల్లో ఉండవలసిన చోటును నిర్ణయించింది కులమే. గదిలోకి దిగగానే, అది ఎంత శుభ్రంగా ఉన్నా, మళ్ళీ కడిగించే అలవాటు ఎందుకొచ్చింది? ముందు ఎవరు దిగి పోయారో తెలియదు కనుక. వెళ్ళేటప్పుడు ఎంగిలిని, బాత్రూమును అట్లాగే వదిలి వెళ్ళే అలవాటు ఎందుకొచ్చింది? ఎత్తేవాళ్ళు వేరే ఉన్నారు కనుక. వచ్చేటప్పటి అతిశుభ్రత, పోయేటప్పటి నిర్లక్ష్యం పరస్పర విరుద్ధంగా కనబడతాయి. నిజానికి రెండూ ఒకే భావజాలం నుంచి పుట్టినవి. మడి కోసం మొదటి కడుగుడు ఇంటి స్త్రీ చేయాలి. మైల ఎత్తడం దళిత స్త్రీ చేయాలి. మధ్యలో ఉన్న పురుషుడు, ఏ కులం వాడైనా, రెండు పనుల నుంచీ తప్పించుకున్నాడు.

ఈ తప్పించుకోవడం ఎంతో అంకెలే చెబుతున్నాయి. 2024లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటివాళ్ళ కోసం వేతనం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పని మీద గడిపారు. ఆ పని చేసే పురుషులు గడిపింది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. ఐదేళ్ళలో స్త్రీల పని పది నిమిషాలు తగ్గింది. పురుషుల పని కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది. అంటే స్త్రీల మీది భారం తగ్గింది పురుషులు చేయి కలిపినందువల్ల కాదు. సెలవుకు పోయిన చోట ఈ లెక్క మారుతుందని ఆశించడానికి ఆధారమేదీ లేదు. పైగా ఇంటి దగ్గరుండే మిక్సీ, కుక్కర్, అలవాటైన నీళ్ళ వసతి అక్కడ ఉండవు.

ఈ పనిని పనిగా చూడకపోవడానికి మన తెలుగు నేల మీదనే రాసిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఉంది. మరియా మీస్ నర్సాపూర్ లేసు అల్లే స్త్రీల మీద చేసిన పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. ప్రపంచ మార్కెట్ కోసం సరుకు తయారుచేస్తున్న స్త్రీలను ‘ఇంట్లో కూర్చున్న గృహిణులు’గా, వాళ్ళ శ్రమను తీరిక వేళల కాలక్షేపంగా చూపడం వల్లనే అంత తక్కువ కూలికి పని చేయించుకోవడం సాధ్యమయిందని ఆమె నిరూపించింది. అద్దె విడిదిలో జరుగుతున్నదీ అదే. అతిథి స్త్రీ చేసే శుభ్రత యజమాని ఖర్చును తగ్గిస్తుంది, లాభాన్ని పెంచుతుంది. కానీ దానికి ‘ఇల్లాలి అలవాటు’ అని పేరు.

ఇక రెండో స్త్రీ సంగతి. ఫామ్‌హౌసులకు, అద్దె ఇళ్ళకు మనిషి కావాలన్నప్పుడు ‘వాచ్‌మన్ దంపతులు కావాలి’ అని అడగడం మామూలైపోయింది. జీతం మాట్లాడుకునేది అతనితో. ఉండడానికి ఒక గది ఇస్తారు. ఆమె గదులు ఊడ్చి, తుడిచి, బాత్రూములు కడిగి, దుప్పట్లు ఉతికి, వచ్చినవాళ్ళు అడిగితే రొట్టెలు చేసి పెడుతుంది. ఆమె పేరు ఏ కాగితం మీదా ఉండదు. అతను చనిపోయినా, విడిచిపెట్టినా, యజమాని మార్చినా ఆమె పని, గూడు రెండూ ఒక్కరోజులో పోతాయి.

బోధన్ ప్రాంతం వాళ్ళకు ఈ పద్ధతి కొత్తది కాదు. మంజీర దాటితే మహారాష్ట్ర. అక్కడి చెరుకు కోతలో భార్యాభర్తల జంటను కలిపి ఒక ‘కోయితా’ అని లెక్కిస్తారు. కోయితా అంటే కొడవలి. ఇద్దరు మనుషులు, ఒక కొడవలి, ఒక అడ్వాన్సు. ఆ అడ్వాన్సును ముకద్దం సాధారణంగా మగవాడి చేతికే ఇస్తాడు. గడ నరికేది, మోపు కట్టేది, నెత్తిన పెట్టుకుని బండికి ఎక్కించేది ఇద్దరూ. చెరుకు తోటలో కోయితా ఎట్లాంటిదో, ఫామ్‌హౌసులో వాచ్‌మన్ జంట అట్లాంటిదే.

1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ ఈ ప్రాంతపు బతుకు అల్లుకుంది. 2002లో అందులో మెజారిటీ వాటా ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతబడింది. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కూడా స్త్రీల పని చాలావరకు గేటు బయటే ఉండేది. చెరుకు నాటడం, కలుపు తీయడం, కొట్టిన గడలు మోయడం. అయినా ఫ్యాక్టరీ అంటే ఒక రిజిస్టరు ఉండేది, ఒక యూనియన్ ఉండేది, అడగడానికి ఒక గేటు ఉండేది. రోజువారీ అద్దె ఇంటికి గేటు ఉంది కానీ దాని ముందు ధర్నా చేయడానికి పది మంది పనివాళ్ళు లేరు. ఒక్కో ఇంటికి ఒక్కో స్త్రీ. ఆమె ఒంటరితనమే ఆ వ్యాపారానికి లాభం.

ప్రభుత్వ సంక్షేమ హాస్టల్‌లో ‘కామాటి’ అనే పోస్టు ఉంటుంది. జీతం ఎంతైనా, కష్టాలు ఎన్నైనా, ఊడ్చి తుడిచే పనికి అక్కడ ఒక పేరుంది, ఒక స్కేలుంది. విడిది ఇంట్లో పని ఉంది, పోస్టు లేదు.

ఇంటి లోపల చేసే పనిని చట్టం గుర్తించదని, గుర్తించలేదని అనేవాళ్ళకు నిజామాబాద్ స్త్రీలే సమాధానం. ఇంట్లో కూర్చుని చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుట్టడాన్ని కూడా ఒకప్పుడు తీరిక పనే అన్నారు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవాళ్ళను కూడా కార్మికులుగా గుర్తించింది. కంపెనీలు కోర్టుకెళ్ళాయి. 1974లో మంగళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. గుర్తింపు కార్డు, పీఎఫ్ అడగగలిగిన స్థితి అట్లా వచ్చింది. అమలులో ఎన్ని లోపాలున్నా, ‘ఇంట్లో చేసినా పని పనే’ అన్న సూత్రాన్ని గెలుచుకున్న జిల్లా ఇది. దాన్నే విడిది ఇంటికి వర్తింపజేయమని అడుగుతున్నాం.

ఇతర దేశాల్లో ఏమి జరుగుతున్నదో చూడడం అవసరం. 2008లో అమెరికాలో మొదలై ప్రపంచమంతా పాకిన ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ మీద అతిథులు చాలాకాలం గొడవ పెట్టారు. శుభ్రత చార్జి కడుతున్నాం, మళ్ళీ పక్కదుప్పట్లు తీయడం, ఉతకడం కూడా మేమే చేయాలా అన్నారు. 2022 నవంబర్‌లో ఆ సంస్థ దిగొచ్చింది. పక్కదుప్పట్లు తీయడం, బట్టలు ఉతకడం, నేల శుభ్రం చేయడం వంటివి అతిథుల నుంచి ఆశించకూడదనీ, తిండి చెత్త పారవేయడం, దీపాలు ఆర్పడం, తాళం వేయడం వరకు అడగవచ్చనీ ప్రకటించింది. మంచిదే. డబ్బు కట్టినవాళ్ళ ఫిర్యాదును కంపెనీ విన్నది. అయితే అతిథి చేయకుండా వదిలిన పని గాలిలో కలిసిపోదు కదా. అది శుభ్రం చేసే మనిషి మీద పడుతుంది. ఆమె కూలి పెరిగిందా, గదికి ఇచ్చే సమయం పెరిగిందా అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆ ప్రశ్నను స్పెయిన్‌లో హోటల్ గదులు శుభ్రం చేసే స్త్రీలు గత దశాబ్దంలో తామే లేవనెత్తారు. ‘లాస్ కెల్లీస్’ అని పేరు పెట్టుకున్నారు. ‘శుభ్రం చేసే స్త్రీలు’ అనే అర్థం వచ్చే స్పానిష్ మాటలను కుదించి చేసుకున్న పేరది. పనిని కాంట్రాక్టర్లకు అప్పగించడాన్ని వ్యతిరేకించారు, నడుము, భుజాల నొప్పులను వృత్తి వ్యాధులుగా గుర్తించమని అడిగారు. అతిథి ఫిర్యాదు, పనిమనిషి ఫిర్యాదు వేరువేరుగా నడిస్తే యజమాని రెండింటి మధ్య సుఖంగా ఉంటాడన్నది ఈ రెండు అనుభవాల పాఠం.

చీపురు పట్టడం స్త్రీల స్వభావమనే వాదానికి మన ఊళ్ళలోనే జవాబు ఉంది. నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన మగవాళ్ళలో చాలామంది అక్కడ చేసింది, చేస్తున్నది శుభ్రత పనే. వీధులు ఊడుస్తారు, హోటల్ గదులు తుడుస్తారు, ఆఫీసుల్లో బాత్రూములు కడుగుతారు, క్యాంపులో తమ బట్టలు తాము ఉతుక్కుని, వంతులు వేసుకుని వండుకుంటారు. సెలవుకు ఇంటికి వచ్చిన రోజు నుంచి అదే చేయి కంచం కూడా ఎత్తదు. చేతకాక కాదు. అక్కడ ఆ పనికి దిర్హాములు, రియాల్లు వస్తాయి. ఇక్కడ ఆ పని చేస్తే మగతనం పోతుందన్న భయం. ఆ సోదరులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. శుభ్రం చేసే పని నడుమును ఎంత విరుస్తుందో వాళ్ళకు తెలిసినంతగా ఇంకే మగవాళ్ళకూ తెలియదు. ఈ మాట ఊళ్ళలో మాట్లాడడం మొదలుపెట్టవలసింది వాళ్ళతోనే.

చట్టం సంగతికి వస్తే, మనకు కొంత పట్టు దొరికింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం షెడ్యూల్లో చేర్చిన పనులకే వర్తించేది. దాని స్థానంలో తెచ్చిన 2019 నాటి వేతనాల కోడ్‌ను 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి తెచ్చారు. లేబర్ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకున్న అభ్యంతరాలు తీవ్రమైనవి. వాటిని తక్కువ చేయడం లేదు. అయితే ఈ కోడ్ కింద కనీస వేతనం షెడ్యూల్‌కు పరిమితం కాదు. వ్యాపారం జరిగే ప్రతి చోటూ ‘సంస్థ’ కిందికి వస్తుంది. రోజుల లెక్కన డబ్బు తీసుకుని ఇల్లు ఇచ్చేవాడు వ్యాపారం చేస్తున్నాడు. కనుక అక్కడ ఊడ్చే స్త్రీ ఆ ఇంటి ‘పనిపిల్ల’ కాదు, వాచ్‌మన్ భార్య కాదు, ఒక సంస్థలో కార్మికురాలు. ఈ వాదాన్ని మనం గట్టిగా వినిపించాలి. అట్లాగే 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం, పదిమంది కన్నా తక్కువ పనివాళ్ళున్న చోటి స్త్రీలు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. తాగి ఉన్న అపరిచితుల గదిలోకి ఒంటరిగా చీపురుతో వెళ్ళవలసిన స్త్రీకి ఈ కమిటీ ఉన్నదని ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి.

ఈ పరిస్థితుల్లో మా డిమాండ్లు ఇవి:

1. ప్రతి విడిదిలో ఎవరి పని ఏమిటో తెలుగు, ఉర్దూ, మరాఠీల్లో రాసి పెట్టాలి. తిన్న గిన్నెలు కడగడం, తడి పొడి చెత్త వేరు చేయడం, వాడిన ప్యాడ్లను కాగితంలో చుట్టి విడిగా పెట్టడం అతిథుల బాధ్యత. నేల, బాత్రూములు, దుప్పట్లు యజమాని డబ్బిచ్చి చేయించవలసిన పనులు.

2. జంటను పనిలో పెట్టుకుంటే రెండు పేర్లు, రెండు వేతనాలు ఉండాలి. ఆమె జీతం ఆమె ఖాతాలోనే పడాలి.

3. శుభ్రత పేరుతో వసూలు చేసే చార్జి శుభ్రం చేసిన మనిషికి చేరాలి. చేరనప్పుడు ఆ పేరుతో వసూలు చేయరాదు.

4. చేతి తొడుగులు, పొడుగు కర్ర బ్రష్షులు, పనివాళ్ళకు వేరే మరుగుదొడ్డి ఇవ్వాలి. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ కలిపి వాడితే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ సంగతి చెప్పకుండా రెండు డబ్బాలూ చేతికివ్వడం నేరంగా చూడాలి.

5. స్థానిక కమిటీ వివరాలు ప్రతి అద్దె విడిదిలో కనబడేట్టు పెట్టాలి.

ఆరో మాట డిమాండ్ కాదు, మన ఇళ్ళలో చేసుకోవలసిన తీర్మానం. విడిదికి పోయినప్పుడు అతిథుల వంతు పని ఇంటిల్లిపాదీ పంచుకోవాలి. ఆ వంతు ఇల్లాలిది మాత్రమే అయితే, యజమానితో మనం గెలిచినదంతా ఇంట్లో ఓడిపోయినట్టే.

ఇది ఇప్పుడే ఎందుకంటే, 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జూలై 14 నుంచి 25 వరకు జరిగిన పుష్కరాల్లో మంజీర, హరిద్ర నదులు గోదావరిలో కలిసే కందకుర్తికి, బాసరకు, పోచంపాడుకు తరలివచ్చిన జనాన్ని మనం చూశాం. ఈసారి దారి పొడుగునా ఇళ్ళు, ఫ్లాట్లు, షెడ్లు విడిదులుగా మారతాయి. ఘాట్లకు, రోడ్లకు, దీపాలకు ప్రభుత్వం ప్రణాళికలు వేస్తుంది. పన్నెండు రోజులు ఆ గదులు ఊడ్చే స్త్రీల కూలి, వాళ్ళ రక్షణ, వాళ్ళ విశ్రాంతి ఆ ప్రణాళికల్లో ఉండాలంటే, కాగితాలు తయారు కాకముందే మనం కలెక్టర్ దగ్గరికి, కార్మిక శాఖ దగ్గరికి పోవాలి. అంతకుముందు ప్రతి మండల సంఘం తమ పరిధిలోని అద్దె విడిదుల జాబితా రాసుకోవాలి. ఒక్కోదానిలో శుభ్రం చేసే స్త్రీ ఎవరు, ఆమెకు ఎంత ఇస్తున్నారు, ఎవరి చేతికి ఇస్తున్నారు అని ఆమెనే అడిగి రాసుకోవాలి. ఆ జాబితాతో మొదలుపెడదాం.